పెద్దాయన నడిచిన దారి

"మనిషేనా మీరు? ఇన్నేళ్లు కాపలా కాయించుకుని చివరికి ఈ గతి పట్టిస్తారా?"

జంతువుల డాక్టరమ్మ నాతో అన్న మొదటి మాట ఇది. టేబుల్ మీద ముసలి కుక్క. మెడకి గొలుసు ఒరుసుకుని పుండు పడింది, వెనక్కాళ్లు పుల్లల్లా ఉన్నాయి.

నాది ఫ్లోర్ పాలిష్ పని. ఎవరో ఖాళీ చేసి వెళ్లిపోయిన గోడౌన్‌కి పాలిష్ పెట్టడానికి వెళితే, వెనక రేకుల షెడ్డులో కట్టేసి కనిపించింది.

"నాది కాదండీ," అన్నాను.

"మరి ఎవరిది?"

"పొద్దుటిదాకా ఎవరిదో తెలీదు. ఇప్పట్నుంచి నాదే."

ఆవిడ కోపం ఎటు వెళ్లాలో తెలియక కాసేపు నా మొహం మీదే ఆగిపోయింది. అంత పెద్ద కళ్లతో చూస్తుంటే నాకేమీ అభ్యంతరం లేకపోయింది.

"పన్నెండేళ్లు దాటాయి వీడికి. నెల రోజుల్లో లేచి తిరగకపోతే ఇక ఎప్పటికీ లేవడు," అంది.

మా అమ్మ ఆ కుక్కకి పెద్దాయన అని పేరు పెట్టింది. పుండుకి దుమ్ము తగలకూడదని నేను ఇంటి నేలంతా మూడుసార్లు పాలిష్ పట్టాను. వంగి అందులో చూసుకుంటూ తల దువ్వుకోవచ్చు!

మూడు వారాలకి పుండు మానింది, బొచ్చు మొలిచింది. కానీ క్లినిక్‌లో నాలుగడుగులు వేసేవాడు ఇంటికి రాగానే చతికిలబడేవాడు. లేపితే కాళ్లు తలో దిక్కుకీ పోయేవి. నాకు భయం పట్టుకుంది.

"నా దగ్గర నడిచేవాడు మీ ఇంట్లో ఎందుకు నడవడు? అసలు తిండి పెడుతున్నారా?" అని నిలదీసింది డాక్టరమ్మ.

"వచ్చి చూసుకోండి!"

వచ్చింది. గుమ్మం దాటిన రెండో అడుగుకే సర్రున జారింది. చప్పున చెయ్యి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

"ఎవరిదీ ఘనకార్యం?"

"నాదేనండీ. ఇంత మెరుపు ఇంకెవరూ తేలేరు!"

"మహానుభావా! నేనే నిలబడలేకపోయాను, ముసలాయన ఎలా నిలబడతాడు?"

ఇన్నాళ్లూ ఆయన్ని పడేస్తున్నది నా పనితనమే.

నేల మీద గోనెపట్టాలు పరిచి చూశాం. వాటికే కాళ్లు తట్టుకుని పడ్డాడు. దాంతో మిషన్‌కి గరుకు రాయి బిగించాను. పదేళ్లుగా నేలకి మెరుపు తెచ్చినవాణ్ణి, మొదటిసారి ఆ మెరుపు గీకేశాను. పెద్దాయన పక్క దగ్గర్నుంచి గుమ్మం దాకా, రెండడుగుల వెడల్పున ఒక దారి.

నెల ఆఖరి రోజున డాక్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

పెద్దాయన చెవులు రిక్కించాడు. ముందుకాళ్లు ఊనాడు. వెనక్కాళ్లు వణికాయి. సాయం వెళ్లబోతే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

లేచాడు! గరుకు దారి వెంట ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, ఆవిడ మోకాలికి తల ఆనించాడు.

ఎన్ని నేలలు మెరిపించానో లెక్కలేదు. ఈ గీకేసిన ముక్కని చూసుకున్నంత గర్వంగా దేన్నీ చూసుకోలేదు. కళ్లు తుడుచుకుందామంటే ఆవిడ నా చెయ్యి ఇంకా వదల్లేదు.

"మిగతా ఇల్లంతా ఎప్పుడు గీకుతారు?" అంది.

"ఎందుకండీ? ఆయనకి ఈ దారి చాలుగా."

"ఆయనకి చాలు. రేపు నేనూ ఈ ఇంట్లో తిరగాలిగా!"

నేను ఆవిడ మొహం వంకా, నేల వంకా మార్చి మార్చి చూశాను. వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఇంకా చూస్తావేంరా? మిషన్ తియ్యి!"