పదోసారి పిడికిలి

"పదకొండూ అయిదుకి లాబ్ పేలిపోతుంది. ఈలోగా మందు దాటించాలి." ఫోన్‌లో చీఫ్ తొందరపెట్టాడు. "బాంబు కబురు పంపింది వెల్వెట్. మందు బాక్స్ ఆవిడకే ఇవ్వు."

"ఆవిడ నిన్నటిదాకా శత్రువుల మనిషి కదా సార్."

"ఆవిడకీ అదే జబ్బు. మన మందు లేకపోతే బతుకు లేదు. అందుకే మనవైపు తిరిగింది."

అటెండర్ వేషంలో ఉన్న ఏజెంట్ పదిహేడు ఫోన్ పెట్టేసి బాక్స్ అందుకున్నాడు. అతని అక్కదీ అదే జబ్బు. బిగిసిన కండరం ఓ పట్టాన వదలదు. ఇప్పుడు ఊపిరి తీసే కండరాల దాకా వచ్చింది. కండరాల మీద ముప్పయ్యేళ్లు పరిశోధన చేసిన ఈ లాబ్ సైంటిస్టు చేతికి చివరికి దక్కినవి ఆరు సీసాలు. మళ్లీ తయారు చేయాలంటే ఏడాది కావాలి. అక్కకు అంత గడువు లేదు.

వెల్వెట్ నల్ల కళ్లద్దాలతో వచ్చింది.

"ఎలుకలకు సెలవా?"

"పిల్లికి మాత్రం డ్యూటీ," అన్నాడతను.

కోడ్ సరిపోయింది. తలుపు పిడికి ఆమె వేళ్లు అతుక్కుపోతే ఒక్కొక్కటే అతనే విడదీశాడు. అక్క గుర్తొచ్చింది. బాక్స్ ఆమె భుజానికి తగిలించాడు.

సైంటిస్టు అడ్డొచ్చాడు. "ఒక్క నిమిషం అమ్మా. చెయ్యి చూడకుండా పేషెంట్‌ని పంపను."

"సార్, బాంబు."

"ముప్పయ్యేళ్ల అలవాటు బాబూ. పదిసార్లు పిడికిలి బిగించి వదలమ్మా."

మొదటిసారి వేళ్లు కాస్త ఆలస్యంగా విచ్చుకున్నాయి. అయిదోసారికి వణికాయి. పదోసారి అసలు విచ్చుకోలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఏజెంట్ ఆ వేళ్లకేసి చూశాడు. రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకునే ముందు అక్క పదిసార్లు పిడికిలి బిగిస్తుంది. మొదటిసారే నరకం. బిగించి వదిలేకొద్దీ వేళ్లు మాట వింటాయి. ఇంట్లో రోజూ చూస్తూ కూడా ఎలా బుట్టలో పడ్డాడో అతనికే అర్థం కాలేదు.

"మేడమ్, బాక్స్ ఇలా ఇవ్వండి."

బిగుసుకున్న పిడికిలి రెప్పపాటులో విచ్చుకుంది. అందులోకి లిప్‌స్టిక్ పిస్టల్ వచ్చింది. అతను మణికట్టు ఒడిసిపట్టాడు. గుండు సీలింగ్‌లోకి దూసుకుపోయింది. పెనుగులాటలో బాక్స్ జారింది. నేలను తాకబోతుండగా పాదం అడ్డం పెట్టాడు. వేలు చితికింది, సీసాలు దక్కాయి.

ఆమెకు బేడీలు పడ్డాయి. పదకొండూ అయిదు దాటింది. ఏదీ పేలలేదు. ఏజెంట్ బాక్స్ తెరిచి సీసాలు రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆపుకోలేక ఏడ్చేశాడు.

సైంటిస్టు నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నాడు. "మందు ముట్టకుండా నయమైన పేషెంట్‌ని చూడటం ఇదే మొదటిసారి బాబూ."