మూలిగితేనే ఆగే మగ్గం

ఎమ్మిగనూరులో కొళాయిల దగ్గరి సందడి అణగేసరికి మహానంది ఇంట మగ్గం మొదలైంది. వసారాలో అతని తల్లి ఉచ్చీరమ్మ కుడికాలు చాపుకొని మంచం మీద కూర్చుని ఉంది. కర్నూలు ఆసుపత్రిలో ఆ మోకాలి కీలు మార్చి నెల కావస్తోంది. కోడలు భారతి ఉగ్గాని పళ్లెం, నీళ్లచెంబు, నొప్పి మాత్ర తెచ్చి పక్కన పెట్టింది.

"తిని మాత్ర ఏసుకో అత్తా. నొప్పి తగ్గినప్పుడే కాలు వంచాలని డాక్టరు సెప్పినాడు గదా."

"ఏసుకుంటాలే. పో, నీకు మగ్గం కాడ పని ఉంది."

భారతి మగ్గం గదిలోకి వెళ్లగానే ఉచ్చీరమ్మ మాత్రను దిండు గలీబులోకి జార్చింది.

మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చున్న మనిషిని పలకరించరాదనీ, ప్రాణం మీదికి వస్తే తప్ప నేత ఆపరాదనీ ఆ ఇంటి కట్టుబాటు. భర్త పోయిన నాటినుంచి దానిని పెట్టి, కఠినంగా నడిపించినది ఉచ్చీరమ్మే. ఇప్పుడు తల్లి ఎక్కడ గుంటలో పడిపోతుందోనని మహానంది ఆమెను ఆ గదిలోకే రానివ్వడం లేదు; అక్కడి ఆమె మగ్గం నెలగా ఖాళీగా ఉంది. తిండీ, నీళ్లూ, మందూ వేళకు మంచం దగ్గరికే వచ్చేవి. మాట మాత్రం వచ్చేది కాదు.

ఆ మధ్యాహ్నం ఆదోనిలో డాక్టరు మోకాలు పట్టి చూసి పెదవి విరిచాడు. ఇలాగే బిగుసుకుపోతే మళ్లీ మత్తు ఇచ్చి వంచవలసి వస్తుందన్నాడు. ఇంటికి వచ్చి భారతి పక్క దులుపుతుండగా గలీబులోనుంచి మాత్రలు జలజల రాలాయి.

"ఏందమ్మా ఇది?" మహానంది గొంతు పెరిగింది. "సంటిబిడ్డ మాదిరి మాత్రలు దాస్తావా? కాలు కట్టె అయిపోతే ఎట్ల?"

"నా నొప్పి నేను ఓర్చుకుంటా."

"ఓర్చుకునేదానివి పొద్దంతా ఏమిటికి మూలుగుతాండావు? మూలిగినప్పుడల్లా మగ్గం ఇడిసిపెట్టి ఉరికొస్తిమి గదా!"

"అందుకేరా," అన్నది ఉచ్చీరమ్మ, తల ఎత్తకుండా. "మాత్ర మింగితే నొప్పి తగ్గుతాది. నొప్పి లేకుంటే ఏమని మూలిగేది? మూలగకుంటే మీరు రారు. ఈడ నాకు పొద్దు పోదు నాయనా."

భారతి నేలమీద కూలబడి అత్త పాదాన్ని ఒడిలోకి తీసుకుంది. ఆమె కన్నీళ్లు ఆ పాదం మీద పడ్డాయి.

మహానంది మంచం తలవైపుకు వచ్చాడు. "భారతీ, మంచం ఆ పక్క పట్టు."

ఖాళీగా ఉన్న తల్లి మగ్గం గుంట మీద పలకలు పరిచి, ఆ గదిలోనే గోడవారగా మంచం వేశారు.

"మరి మగ్గం కాడ మాట్లాడకూడదు గదత్తా?" అన్నది భారతి, ముక్కు తుడుచుకుంటూ.

"పెట్టినది నేనే గదా. తీసేస్తాండాను పో."

మరునాడు ఉగ్గాని తిని, ఉచ్చీరమ్మ అందరి ఎదుటా మాత్ర మింగింది. కొంతసేపు ఆగి భారతి ఆమె మడమ పట్టి మెల్లగా వెనక్కి జరపసాగింది. మహానంది నేస్తూనే, కౌతాళంలో తమకు తెలిసిన హుసేనమ్మ కూతురి పెళ్లిలో మగపెళ్లివారు ఎంత అలిగినారో చెప్పసాగాడు.

"సాలా అత్తా?"

ఉచ్చీరమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకొంచెం వంచు," అని, కొడుకు వైపు తిరిగింది. "ఊఁ, అలిగినారా? తరువాత ఏమాయెరా?"