పందుల మలుపు

మా కనుమ రోడ్డులో ఏడో మలుపుకు మంచి పేరు లేదు. పటంలో దానికి అసలు పేరే లేదు. మేము మాత్రం పందుల మలుపు అంటాం.

పై సరస్సు నుంచి మా ఊరికి ఏడు మైళ్లు ఒకటే వాలు. ఆ మలుపు దగ్గర కుడిపక్కన, బ్రేకులు పోయిన బండ్లు దూరి ఆగడానికి, కొండమీదికి ఎగబాకే గులకరాళ్ల బాట ఉంది. రాత్రిపూట అక్కడ కాలిన వాసన వస్తుంది. దాని వెనకాలే ఇంకో వాసన వస్తుంది. ఆ రెండోదాని సంగతి జనం తింటున్నప్పుడు చెప్పకూడదు. నా హోటల్లో నేను చెబుతాను. వినేవాళ్లు ముక్క కూడా వదలకుండా తింటూనే వింటారు. మా ఊరివాళ్ల కడుపులు అలాంటివి.

ఇరవై ఆరేళ్ల కిందట ఆర్లో గడ్సన్ అనే డ్రైవరు లారీనిండా పందులతో దిగుతున్నాడు. ఏడో మలుపు దగ్గర బ్రేకులు పోయాయి. లారీ గులకరాళ్లలోకి దూరి పక్కకు ఒరిగింది. అప్పట్నుంచి రాత్రివేళ దిగే బండ్లను ఆర్లో వెనకనుంచి పట్టుకుంటాడని చెప్పుకుంటారు. ముందుకు రాడు... తోక పట్టుకుని ఊపుతాడు.

మా పాస్టరు ఇలాంటివి నమ్మడు. చీకటి పడ్డాక ఆ దారిన వెళ్లడు కూడా.

మొన్న ఆగస్టులో ఈ కథంతా డెల్మార్ ప్రూయిట్‌కు, ఆయన భార్య ఓపల్‌కు నేనే చెప్పాను. సరస్సుకు వెళ్తూ నా దగ్గర భోజనానికి ఆగారు. డెల్మార్ నవ్వాడు. "నా బండిని పట్టుకోవాలంటే దెయ్యానికి కూడా గట్టి చేతులుండాలి," అన్నాడు. కౌంటరు చివర ఒక ముసలాయన 'పీచ్ పై', అంటే పీచ్ పండ్లు కూరి కాల్చిన రొట్టె, తింటున్నాడు. ఆయన తలెత్తలేదు.

బయట వాళ్ల ట్రైలర్ నిలబడి ఉంది. పికప్ వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. ఓపల్ దానివైపు చూసి నాతో మెల్లగా అంది.

"పదకొండేళ్లుగా దీని మురుగు ట్యాంకు నేనే ఖాళీ చేస్తున్నాను. ఈయనకు వికారమట. ఈసారి తన చేత్తో చెయ్యాలి. చెయ్యకపోతే ఇల్లు చేరగానే దీన్ని అమ్మేస్తాను. ఒప్పుకున్నాడు."

డెల్మార్ తల ఊపాడు. తల ఊపడం ఆయనకు బాగా వచ్చు.

సరస్సు దగ్గర ఆరు రోజులున్నారు. ఓపల్ తమ్ముళ్లు ఇద్దరూ కుటుంబాలతో సహా వచ్చారు. వాళ్ల గుడారాలకు మరుగుదొడ్డి లేదు. రోజూ మాంసం, చిక్కుళ్లు కలిపిన కారం కూర. ఇంతకంటే వివరం నేను చెప్పను.

చివరి రోజు సాయంత్రం డెల్మార్ రబ్బరు గ్లోవ్స్ తొడుక్కుని ట్రైలర్ వెనక్కు వెళ్లాడు. కాసేపటికి పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు.

"అయిందా?"

"అయింది."

రాత్రి తొమ్మిదింటికి బయల్దేరారు. చల్లగాలికి ఇంజను వేడెక్కదని డెల్మార్ లెక్క. వెనక హారన్ కొట్టేవాడు ఉండడని అసలు లెక్క. తర్వాతి సంగతి ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. నేను ఓపల్ చెప్పినదాన్ని నమ్ముతాను.

వాలు మొదలైన దగ్గర్నుంచీ ఆయన కాలు బ్రేకు మీదే ఉంది.

"చిన్న గేరులో వెయ్యి," అంది ఓపల్.

"ఇంజను అరుస్తుంది."

"అరవనీ. బ్రేకులు కాలిపోతాయి."

"బ్రేకులున్నది తొక్కడానికే ఓపల్."

మూడో మలుపు... నాలుగో మలుపు... ఐదో మలుపు దగ్గర కాలిన వాసన మొదలైంది. నేను చెప్పిన కథ ఇద్దరికీ గుర్తుంది.

ఆరో మలుపు దాటాక ఇంకో వాసన వచ్చింది.

కుళ్లు వాసన. పుల్లగా, వెచ్చగా, నోట్లోకి దిగేలాంటిది. డెల్మార్ కిటికీ మూశాడు. మూస్తే ఇంకా ఎక్కువైంది. వెనక ఎక్కడో... ఏదో కదిలింది. గుడగుడమని. గొంతులో కఫం అడ్డుపడ్డ మనిషి మూలుగులాగా.

"విన్నావా?" అన్నాడు డెల్మార్, గుసగుసగా.

అప్పుడే వెనకనుంచి పట్టుకున్నట్టయింది.

ట్రైలర్ తోక ఎడమకు జరిగింది... కుడికి వచ్చింది... మళ్లీ ఎడమకు, ఈసారి ఇంకా దూరం. దానితోపాటు పికప్ కూడా. డెల్మార్ బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. కింద ఏమీ లేదు.

ఎడమపక్కన కూడా ఏమీ లేదు. లోయ.

స్టీరింగు కింద ట్రైలర్ బ్రేకులకు విడిగా ఒక చిన్న మీట ఉంది. వెనక ఊగితే స్టీరింగు తిప్పకుండా చేత్తో ఇది నొక్కమని అమ్మినవాడు కొన్నరోజే చెప్పాడు. ఆ రోజు కూడా డెల్మార్ తల ఊపాడు. ఓపల్ మాత్రం విన్నది. ఇప్పుడు ఆమె చెయ్యి చాచి ఆ మీటను నొక్కిపట్టింది. ఊపు తగ్గింది. తోక తిన్నగా సర్దుకుంది. కానీ వేగం తగ్గలేదు.

"కుడికి," అంది. "గులకరాళ్లలోకి."

బండి రాళ్లు చిమ్ముకుంటూ ఎక్కి, ఎక్కి... మునిగిపోయి ఆగింది.

ఇంజను ఆగిపోయింది.

తర్వాత వెనక చుక్కలు పడుతున్న చప్పుడు. టప్... టప్... ఆపైన చుక్కలు కావు, ధార. ఓపల్ జేబురుమాలు ముక్కుకు కట్టుకుంది.

బాట పైకొస నుంచి దీపం ఒకటి దిగి వస్తోంది.

దాని వెనక మనిషి. తల తెలుపు, గడ్డం తెలుపు, మెడనుంచి చీలమండలదాకా ఒకటే తెల్లబట్ట. పాదాల చప్పుడు దగ్గరైంది. ట్రైలర్ కంపు మీదుగా ఇంకో వాసన అద్దం సందులోంచి దూరింది.

పందుల వాసన.

ఆ మనిషి వంగి లోపలికి చూశాడు.

"ఎవరు?" అన్నాడు డెల్మార్.

"ఆర్లో."

డెల్మార్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నన్ను వదిలెయ్. నేను ఖాళీ చెయ్యలేదు... ట్యాంకు. మూత పట్టుకోగానే కడుపులో తిప్పింది. అబద్ధం చెప్పాను. అంతా అందులోనే ఉంది. ఆరు రోజులదీ..."

అప్పుడు తనకు భయం పోయి అసహ్యం మొదలైందని ఓపల్ తర్వాత నాతో చెప్పింది.

ముసలాయన దీపం ఎత్తి వెనక్కి నడిచి, ముక్కు మూసుకుని తిరిగొచ్చాడు.

"అబ్బాయ్, ట్యాంకు ఇరుసుకు వెనకాల ఉంది. అందులో నాలుగు వందల పౌండ్ల... సరుకు. పైగా బంపరుకు రెండు సైకిళ్లు వేలాడదీశావు. తోక బరువైతే వాలులో ఊగక ఏం చేస్తుంది? ఏటా ఇద్దరు ముగ్గుర్ని లాగుతాను ఇక్కణ్నుంచి. అందరూ దెయ్యం పట్టుకుందనే చెబుతారు. సగం మంది ట్యాంకులు నిండుగానే ఉంటాయి."

"నువ్వు... చచ్చిపోయావుగా," అన్నాడు డెల్మార్.

"నేనా? పందులు చచ్చాయి."

నిజమే. ఆ రోజు ముప్పై పందులు చచ్చాయి, ఆర్లోకు మోచెయ్యి గీసుకుపోయింది. ఆ బాట పైనే స్థలం కొనుక్కుని పందుల్ని పెంచుకుంటున్నాడు, లాగుడు బండి నడుపుతున్నాడు. చలికైనా ఎండకైనా మెడనుంచి కాళ్లదాకా ఉండే ఆ తెల్ల ఉన్ని లోదుస్తుల్లోనే పడుకుంటాడు. ఆ రోజు నా కౌంటరు చివర 'పీచ్ పై' తిన్నది ఆయనే. చచ్చిన పందులకు ఎవరూ భయపడరని కథలో ఆయన్ని కూడా నేనే చంపాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు, ఆ 'పీచ్ పై' ఉచితంగా పెడుతున్నాను కాబట్టి.

ఓపల్ కిందికి దిగి జేబురుమాలు విప్పింది.

"ఆర్లో గారూ, ట్రైలర్ ఒకటి అమ్మకానికుంది. చూస్తారా?"

"ఓపల్..." అన్నాడు డెల్మార్.

"నువ్వు గ్లోవ్స్ తొడుక్కో."

తెల్లవారేదాకా డెల్మార్ ట్యాంకులోదంతా బకెట్లతో మోశాడట. మధ్యలో నాలుగుసార్లు కక్కుకున్నాడట. ఆ లెక్క ఆర్లో చెప్పాడు.

ట్రైలర్‌ను ఆర్లో పందుల కోసం కొన్నాడు. గడ్డి పరిచాడు, తలుపు తీసిపెట్టాడు. లోపల మొక్కజొన్న కూడా పోశాడు.

పందులు ఇంతవరకు అందులో అడుగు పెట్టలేదు.