కాచు పట్టిన చేతులు

వసుమతికి గుమ్మం దగ్గర ఒక పట్టింపు ఉండేది. బయటికి వెళ్ళే మనిషి "పోతున్నా" అనకూడదు. "వెళ్ళొస్తా" అనాలి. పెద్దవాళ్ళయితే తను "రండి" అంటుంది, చిన్నవాళ్ళయితే "వెళ్ళిరా" అంటుంది. ఆ రెండు మాటలూ అయితేనే తలుపు తీయడం.

భర్త భీమశంకర్ ఆ ఊరంతటికీ ఒక్కడే డాక్టరు. ఎవరికో గుండెనొప్పని ఫోనొచ్చి, ఒక చెయ్యి కోటులోనూ ఒక చెయ్యి బయటా పెట్టుకుని పరిగెత్తుతున్నా సరే, గుమ్మంలో ఆగి తీరాల్సిందే.

"నీ 'రండి' లేకపోతే ఈ కారు స్టార్ట్ కూడా అవదు," అనేవాడు.

"నవ్వండి. మాట ఊరికే పోదు," అనేది వసుమతి, గొంతు పెంచకుండా.

ఆవిడ తీరే అంత. బియ్యం అయిపోయాయని అనదు, నిండుకున్నాయంటుంది. దీపం ఆరిపోయిందని అనదు, కొండెక్కిందంటుంది. పుట్టి బుద్ధెరిగాక పిల్లిని కూడా "పో" అని ఎరగదు.

ఆ ఊరు అమెరికాలో, మెయిన్ అనే రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉంది. పేరు డన్‌బ్రే హార్బర్. ఎప్పుడో స్కాట్లండ్ నుంచి వచ్చిన జాలరులు కట్టుకున్న ఊరు. 1978లో వీళ్ళు అక్కడికి వచ్చేసరికి కూతురు రేణుకి రెండేళ్ళు. మనవాళ్ళు ఇంకెవరూ లేరు. కందిపప్పు కావాలంటే బోస్టన్ దాకా ఐదు గంటలు డ్రైవ్ చేయాలి.

పక్కింట్లో మర్డో అనే ముసలాయన ఉండేవాడు. స్కాట్లండ్‌లో ఒక చేపల పల్లెలో పుట్టి, కుర్రతనంలో ఇటు వచ్చేశాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంటి వెనక గడ్డి నీళ్ళదాకా దిగుతుంది. ఆ గడ్డిలో మూడు పాత పడవలు. ఏ పడవా కదిలి ఏళ్ళయింది. అయినా రోజూ పొద్దున్నే ఒక్కో దాంట్లో ఒక్కో బకెట్ నీళ్ళు పోసేవాడు.

"నీళ్ళు తాగని పడవ పలకలు విడిపోయి నోరు తెరుస్తుంది," అన్నాడు మొదటిసారి అడిగినప్పుడు. "నోరు తెరిస్తే ఇక మూయించలేం."

పడవల పక్కనే రాతి గోడల షెడ్డు ఉంది. దాని తలుపు తీసి చూపించిన రోజున వసుమతి గడప దగ్గరే ఆగిపోయింది. ఆ వాసన ఆవిడకు తెలుసు. వగరుగా, మట్టిగా, తీపికి అటూ ఇటూ కాకుండా.

"కాచు," అంది తనకు తెలియకుండానే.

"ఏమన్నారు?"

"ఈ వాసన. మేము కాచు అంటాం."

ముసలాయన మొహం వెలిగింది. "మేము కచ్ అంటాం. మీ వైపు నుంచే ఓడల్లో వచ్చేది." మూలనున్న పెట్టెలోంచి నల్లబెల్లం అచ్చులాంటి దిమ్మ తీసి చేతిలో పెట్టాడు. వసుమతి కొసను గిల్లి నాలుక మీద వేసుకుంది. భీమిలిలో వాళ్ళ నాయనమ్మ తాంబూలం పెట్టె అక్కడికి, ఆ చలిదేశానికి వచ్చి మూత తీసినట్టయింది. భీమిలి జాలరిపేటలోనూ తుమ్మచెక్క ఉడకబెట్టి వలలు ముంచేవారు. బడికి వెళ్తూ ముక్కుకి ఓణీ అడ్డం పెట్టుకుని ఆ వీధి దాటేది.

షెడ్డు మధ్యలో ఇటుక పొయ్యి మీద పెద్ద రాగి గంగాళం. ఇద్దరు మనుషులు దిగి కూర్చోవచ్చు. అందులో కాచు మరిగించి, నూలు వలలు ముంచేవారట.

"ముంచకపోతే మూడు నెలలకి కుళ్ళిపోయేవి. కాచు పట్టిన దాన్ని ఉప్పునీళ్ళు ఏమీ చెయ్యలేవు. ఎన్నాళ్ళయినా అడుగున అలాగే ఉంటుంది," అన్నాడు మర్డో. "వలలు ముంచే రోజు మా పల్లెలో పిల్లలందరికీ మోచేతులదాకా ఇదే రంగు. మా అమ్మ ఎంత తోమినా వదిలేది కాదు." నైలాన్ వలలొచ్చాక ఆ పొయ్యి వెలిగించిన వాళ్ళు లేరు. "ఎవరో ఒకరు నేర్చుకోవాలి," అన్నాడు, గంగాళం అంచు నిమురుతూ.

ఆయన ఇంటికి వచ్చి, లేచి వెళ్ళేటప్పుడు "అయామ్ అవా" అనేవాడు. వాళ్ళ యాసలో, పోతున్నానని. వసుమతికి ఆ మాట పంటికింద రాయిలా తగిలేది. నాలుగోసారికి ఆపేసింది.

"అలా అనకండి మర్డో గారూ. వెళ్ళొస్తా అనండి."

"వెలొస్తా," అన్నాడాయన. ఆ ళకారం ఆయన వల్ల కాలేదు. వసుమతి నవ్వి "రండి" అంది. ఆ రోజు నుంచి పాత మాట మళ్ళీ అనలేదు. రేణు పెద్దదై మాటలు సాగాక దాని నోటా అంతే, "వెలొస్తా" అనేది. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు శేషమ్మ ఇద్దర్నీ విని, "గురువుకి తగ్గ శిష్యురాలు," అని నవ్వేది. నిజంగానే శిష్యురాలు. చెక్కసూదితో వల అల్లడం ఆ పిల్లకి ఆయనే నేర్పాడు.

1982 అక్టోబరులో మర్డో మంచం పట్టాడు. హాస్పిటల్‌కి రానన్నాడు. వసుమతి పూటపూటా చారు కాచి పట్టుకెళ్ళేది. ఆఖరి రోజు మధ్యాహ్నం, వెనక గదిలో అత్తాకోడళ్ళిద్దరూ ఉన్నారు. కిటికీలోంచి పడవలు కనిపిస్తున్నాయి. ఆయన కళ్ళు తెరిచి, వసుమతిని చూసి, షెడ్డు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

"వెలొస్తా," అన్నాడు.

"రండి," అంది వసుమతి.

నాలుగేళ్ళ అలవాటు. నోరు ముందు అనేసింది, బుద్ధి తర్వాత విన్నది. ఆయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుతోనే పోయాడు.

ఇంటికొచ్చి ఇద్దరూ స్నానాలు చేశారు. తర్వాత శేషమ్మ అంది, "చావింటికి వెళ్తే, వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పం కదమ్మా. అలాంటిది పోయే మనిషిని రమ్మన్నావు."

"నోరు జారింది అత్తయ్యా."

"జారింది. ఆయన పట్టుకున్నాడు."

* * *

అక్టోబరు ఆఖరున గడియారాలు వెనక్కి తిప్పాక, నవంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. మొదటి వారంలో వంటింట్లో వాసన వచ్చింది. వసుమతి పోపు డబ్బా వెతికింది, సింకు కింద చూసింది. వగరు, మట్టి, తడిసిన తాడు. కిటికీ మూస్తే వాసన ఎక్కువైంది.

ఆ సాయంత్రం అన్నం కలపబోతూ రేణు చేతులు చూసింది. పది వేళ్ళ కొసలూ కాచు రంగు.

"ఏం ముట్టుకున్నావే?"

"నథింగ్."

భీమశంకర్ స్పిరిట్‌తో తుడిచాడు. పోలేదు. "స్కూల్లో ఏదో డై అయ్యుంటుంది. నాలుగు రోజుల్లో పోతుందిలే." నాలుగు రోజులకి రంగు మణికట్టు దాటింది. నొప్పి లేదు, దురద లేదు. తోలు మాత్రం గట్టిపడుతోంది, తడిపి ఎండబెట్టిన గుడ్డలా. ఆయన ఫోన్లో స్కిన్ స్పెషలిస్టుతో మాట్లాడి, సోమవారానికి అపాయింట్‌మెంట్ బుక్ చేశాడు. మొహంలో మాత్రం నవ్వు లేదు.

గురువారానికి మోచేతులు. శుక్రవారం స్కూలు నుంచి వచ్చాక చొక్కా విప్పి చూస్తే, భుజాలు దాటి మెడ కింద దాకా.

వసుమతి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "రేణూ... ఎవరు చేస్తున్నారమ్మా ఇది?"

"మర్డో అంకుల్."

"అంకుల్ లేరు కదా."

"వచ్చాడు కదా. నువ్వే రండి అన్నావంట." పిల్ల తన చేతుల్ని తిప్పి చూసుకుంది, కొత్త గాజులు చూసుకున్నట్టు. "ఫుల్‌గా ముంచాలి అని చెప్పాడు. హాఫ్ ముంచితే రాట్ అవుతుంది."

"ఇంకా... ఎంత ఉంది?"

"ఫేస్ ఒక్కటే."

కాచు పట్టిన దాన్ని ఉప్పునీళ్ళు ఏమీ చెయ్యలేవు. ఎన్నాళ్ళయినా అడుగున అలాగే ఉంటుంది.

భీమశంకర్ క్లినిక్‌లో ఉన్నాడు. శేషమ్మ పిల్లను తన పక్కకి లాక్కుని, నుదుట విభూతి పెట్టింది. "నువ్వు రమ్మన్నావు. నువ్వే పొమ్మనాలి. ఇంకొకరి నోటితో కాదు."

"ఆయన చెడ్డవాడు కాదు అత్తయ్యా."

"కాడు. ఒంటరివాడు. నేను పిల్లను పట్టుకుని దేవుడి దగ్గర కూర్చుంటాను. నువ్వెళ్ళు."

వసుమతి తాళంచెవి తీసుకుంది. గుమ్మంలో అలవాటుగా నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసుకుంది. నాలుగున్నర. బయట పొగమంచు, పక్కింటి కంచె కూడా కనిపించనంత. గడ్డి మీద నడుస్తూ ఒక్క మాటే వల్లించుకుంది. పొండి. పొండి. మర్యాద తప్పకుండా, గట్టిగా, ఒక్కసారి. పొండి.

పడవలు దగ్గరకొచ్చాక కనిపించాయి. ఆయన పోయి నెల దాటింది. వాన లేదు. మూడు పడవల్లోనూ నీళ్ళు అంచుదాకా ఉన్నాయి.

తాళం తీసింది. తలుపు తోసింది.

లోపల వెచ్చగా ఉంది.

పొయ్యిలో నిప్పు లేదు. చెయ్యి పెట్టి చూసింది... ఇటుకలు చల్లగా ఉన్నాయి. కానీ గంగాళంలో ఏదో మరుగుతోంది. చిక్కటి చప్పుడు, పెద్ద బుడగ లేచి, ఆగి, పగిలినట్టు. పైన దూలానికి ఏదో వేలాడుతోంది. అందులోంచి చుక్క చుక్కగా కారుతోంది. చిన్న వల. కొత్తగా అల్లినది. ముడులు వంకరటింకరగా, చిన్నపిల్ల వేసినట్టు.

"మర్డో గారూ," అంది గుసగుసగా.

బుడగలు ఆగిపోయాయి.

చీకట్లో... ఎక్కడో దగ్గరగా... ఊపిరి. ఎదురుగానా, వెనకనా, ఆ రాతి గోడల మధ్య తెలియలేదు.

"వెలొస్తా."

ఎంత మెల్లగా అంటే, ఆడగొంతో మగగొంతో, ముసలిదో పసిదో చెప్పలేనంత మెల్లగా.

వసుమతి కళ్ళు మూసుకుంది. దారంతా వల్లించుకున్న మాటను నాలుక మీదికి తెచ్చుకుంది. కానీ జన్మలో అనని మాట అది. సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"పో..." అని మాత్రమే బయటికొచ్చింది. "మళ్ళీ రావద్దు."

వెచ్చదనం ఒక్కసారిగా పోయింది. వాసన పోయింది. తడుముకుంటూ చూస్తే గంగాళం అడుగున ఎండిన మట్టి, అంతే. దూలానికి ఏమీ లేదు. వసుమతి ఊపిరి వదిలి, వెనక్కి తిరిగింది.

గడప మీద రేణు నిలబడి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు.

"నువ్వెప్పుడొచ్చావు?" అంది వసుమతి. "రేణూ, ఇప్పుడు... వెళ్ళొస్తానన్నది నువ్వా?"

పిల్ల చేతులు ముందుకి చాపింది. ఆ మసక వెలుతుర్లో కూడా తెలిసింది, రంగు లేదు. పాలలో ముంచి తీసినట్టున్నాయి.

వసుమతి పిల్లను ఎత్తుకుని ఇంటికి పరిగెత్తింది. శేషమ్మ ఎదురొచ్చింది. దీపం కొండెక్కిందట. అగ్గిపెట్టె కోసం అటు తిరిగి ఇటు తిరిగేలోగా పక్కన పిల్ల లేదట. రాత్రి భీమశంకర్ కూతురి చేతులు లైటు కింద పెట్టి మాటిమాటికీ తిప్పి చూశాడు. "చెప్పానుగా, దానంతటదే పోతుందని," అన్నాడు. అని, చాలాసేపు ఆ చేతులు వదలలేదు.

వసుమతికి నిద్ర పట్టలేదు. పొండి అనబోయాను, అనుకుంది. పో అన్నాను. ఆయన్ని నేనెప్పుడూ ఏకవచనంతో పిలిచి ఎరగను. ఆ షెడ్డులో నేను పో అనదగిన మనిషి ఒక్కతే ఉంది.

సోమవారం పొద్దున రేణు బూట్లు వేసుకుని, సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేశారు. రోడ్డు మీద పొగమంచు ఇంకా విడలేదు. వసుమతి తలుపు గడియ మీద చెయ్యి వేసి ఎదురు చూసింది.

"చెప్పి వెళ్ళమ్మా."

పిల్ల తల ఎత్తి చూసింది.

"అయామ్ అవా," అంది.

అచ్చం ఆ యాస. మర్డో ఆ మాట మానేసేనాటికి రేణుకి రెండేళ్ళు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ అన్నది లేదు.

"వెళ్ళిరా," అంది వసుమతి. పిల్ల మెట్లు దిగుతోంది. "వెళ్ళిరా తల్లీ." పిల్ల తిరిగి చూడలేదు. పొగమంచులో సంచీ కనపడింది, కాసేపటికి అదీ కనపడలేదు. స్కూలు బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. బస్సు వెళ్ళిపోయింది. ఎక్కిందో లేదో కనపడలేదు.

వసుమతి గుమ్మంలోనే నిలబడి ఉండగా, పెరటివైపు నుంచి, పడవల్లో ఎవరో బకెట్‌తో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది.

ఒకటి.

కాసేపాగి, రెండు.

మూడు.