కొండెక్కిన నది

సాయంత్రం టీ వేళకు అరుణపురి అంతా కీబోర్డుల ముందు కూర్చుంటుంది. 2091లో అంగారకుడి మీద పిన్నాపెద్దా అందరికీ ఒకటే సరదా, లేని దేశాలకు పటాలు గీయడం. రంగులు అక్కర్లేదు, బొమ్మలు అక్కర్లేదు. ఉత్త టైపు గుర్తులు చాలు. ^ అంటే కొండ, ~ అంటే నీరు, చుక్క అంటే ఇసుక.

ఆ సరదాకు ప్రాణం పోసింది 'నేలనేత' యంత్రం. మామూలు టెక్స్ట్ ఫైలు ఇస్తే చాలు. ఒక్కో గుర్తును నూరు అడుగుల నేలగా చదువుకుని, వేల రోబోలతో తవ్వించి, పోయించి, గాజుకప్పు కింద ఆ లోయను నిజంగానే కట్టేస్తుంది.

ఈ ఏడాది పోటీలో గెలిచింది హాసినమ్మ పటం. ఆమెకు అరవై ఆరేళ్లు. కానీ యంత్రం పని మొదలుపెట్టలేదు.

"పన్నెండో వరుసలో మీ నది కొండెక్కుతోంది," అంది యంత్రం. "నీళ్లు పైకి పారవు. సరిదిద్దండి."

"సరిగ్గానే ఉంది," అంది హాసినమ్మ.

ఇంజినీరు ఫిరోజ్ తల పట్టుకున్నాడు. "అమ్మా, ఆరయ్యేలోపు మార్చకపోతే రెండో బహుమతి పటాన్ని కట్టేస్తారు. నాలుగు గుర్తుల కోసం ఇంత పంతమా?"

"నలభై ఏళ్లు పంపుహౌసులో చేశాను బాబూ. నా చేతిలో నీళ్లు ఏనాడూ కిందికి పోలేదు. మంచుగనుల నుంచి ఈ ఊరికి వచ్చిన ప్రతి చుక్కా నేను పైకి ఎక్కించిందే. నీ చేతిలో ఉన్న టీతో సహా."

ఫిరోజ్ కప్పులోకి చూశాడు. తర్వాత యంత్రం వైపు తిరిగాడు.

"కొండ కింద పంపు పెడితే?"

మూడు క్షణాలు లెక్కకట్టింది యంత్రం. "పారుతుంది."

మరుసటి ఏడాదికి లోయ సిద్ధమైంది. కొండెక్కే నదిని చూడ్డానికి జనం బారులు తీరారు. హాసినమ్మ కొత్త చీర కట్టుకుని గట్టు మీదే కుర్చీ వేయించుకుంది. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ వేలు పెట్టి చూపించింది.

"గీసింది నేనే."

ఆ తర్వాతి లోయకు పటం గీసే అవకాశం యంత్రానికే ఇచ్చారు. తొలి చూపుకు హాసినమ్మను పిలిచారు. తెర మీద పటం వెలిగింది. ఏడో వరుస దగ్గర ఫిరోజ్ నవ్వు ఆపుకున్నాడు. అక్కడ నది కొండెక్కుతోంది.

"ఇదేమిటి?" అన్నాడు.

"మీ లోయలో జనం అక్కడే ఆగుతున్నారు," అంది యంత్రం. "ఎవరు గీశారని అడుగుతున్నారు. నా గురించీ అడగాలని."

హాసినమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ వరుసను మరోసారి చూసింది.

"నీళ్లు పైకి పారవు," అంది. "సరిదిద్దు."