మూడో స్పీడు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను. ధైర్యముంటే చివరిదాకా కూర్చుని, అప్పుడు అబద్ధమనండి చూద్దాం!

నేనంటే ఎవరనుకున్నారు? ముప్పై నాలుగేళ్లు రైళ్ల ఏసీ పెట్టెలు చల్లబరిచిన గోపాలరావుని. బిట్రగుంట దగ్గర పరిగెత్తే బండి కప్పు మీద బోర్లా పడుకుని, పళ్లతో వైరు ఒలిచి కలిపితే, లోపల కలెక్టరుగారు రెండో దుప్పటి అడిగారు. అలాంటి నన్ను భూగోళం కింది సగంలో ఉన్న ఈ క్లేటన్‌లో ఒక పెంకుటిల్లు వణికించింది.

పోయిన జనవరి, ఇక్కడ నడి ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం, నలభై మూడు డిగ్రీలు. పక్కింటి ఫరీదా ఫోను. గుంటూరు మనిషి.

"అన్నయ్యగారూ, ఏసీ తిరుగుతోంది గానీ ఇల్లంతా అంతంతే. సమ్రీన్ గదిలోకైతే అసలు రావట్లేదు. పిల్లాడు వాడిపోతున్నాడు. మెకానిక్కు ఎల్లుండి గానీ రాడంట."

సమ్రీన్ ఆమె కూతురు. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది మాత్రం ఇంగ్లీషే. ఆ పిల్ల కొడుక్కి అప్పటికి నలభై రోజులు. నెలలు నిండకుండా పుట్టినవాడు.

జబ్బు నాకు ఇట్టే దొరికింది. ఈ ఊళ్లో చలికాలం హీటరుకీ ఎండాకాలం ఏసీకీ ఒకటే ఫ్యాను, పైకప్పు కింద. వేడిగాలికి నెమ్మదిగా తిరిగితే చాలు. చల్లగాలి బరువు, గట్టిగా తొయ్యాలి. ఎవరో దాన్ని హీటరు స్పీడు మీదే వదిలేశారు. ఎరుపు వైరు తక్కువ, నీలం మధ్యస్తం, నలుపు ఎక్కువ. మార్చిన ప్రతిసారీ కరెంటు ఆపాలి. అంతే పని.

నిచ్చెనెక్కి సీలింగు పైకి దూరాను. బయట పట్టపగలు, అక్కడ చిమ్మచీకటి. దుమ్ము, ఎలుకల కంపు. టార్చి వెలుగులో, గదులకి గాలి మోసే మెత్తటి గొట్టాలు వెండి కొండచిలువల్లా పడుకుని ఉన్నాయి.

ముందు ఎరుపు మీదే నడిపి, సమ్రీన్ గది గొట్టం దగ్గర నోరు పెట్టి కేకేశాను.

"గాలీ... వస్తోందా?"

"నో, అంకుల్!"

ఆపి, నీలం పెట్టి, మళ్లీ వేశాను. "గాలీ... వస్తోందా?"

"నాట్ రియల్లీ!" వెనకాల పిల్లాడి ఏడుపు, సన్నగా, ఓపిక లేనట్టు.

ఆపాను. నలుపు బిగించాను. కళ్లలోకి చెమట.

"గాలీ... వస్తోందా?"

"వస్తున్నా."

శభాష్, నా సావాసంతో సమ్రీన్‌కి తెలుగు వచ్చేసిందే అనుకున్నాను.

అప్పుడు చూశాను... స్విచ్చు. నేనింకా వెయ్యలేదు.

ఫ్యాను కదలట్లేదు. కానీ ఆ గొట్టం... ఆ ఒక్క గొట్టమే... ఉబ్బుతోంది. నా మోకాలి దగ్గర మొదలైన ఉబ్బు, మెల్లగా, గదివైపు జరుగుతోంది. తడిమట్టి వాసన. ఒంటి మీద చెమట చల్లబడింది.

పారిపోయానా? లేదు. పులిలా దూకి గొట్టాన్ని రెండు చేతులా నులిమాను. పొర అవతల నుంచి అయిదు వేళ్లు... నా పట్టు విడిపించుకున్నాయి.

ఎలా దిగానో తెలీదు. గదిలో సమ్రీన్ పిల్లాణ్ణి హత్తుకుని గోడకి ఆనుకుపోయింది. ఏడుపు ఆగిపోయింది.

"ఇట్స్ ఫ్రీజింగ్, అంకుల్..." గుసగుసగా అంది. "‘వచ్చేశా’ అని... వై డిడ్ యూ సే దట్?"

ఫరీదా నా చెయ్యి పట్టుకుంది. "చీకట్లో గాలిని పేరుపెట్టి పిలిచారా అన్నయ్యగారూ? పిలిస్తే వచ్చి సోకుతుందంటారే! ఎన్నిసార్లు?"

మూడు వేళ్లు చూపించాను.

మెకానిక్కు మూడో రోజు వచ్చి, స్పీడు ఇంత పక్కాగా పెట్టిందెవరని మెచ్చుకున్నాడు. పిల్లాడు ఇప్పుడు బొద్దుగా ఉన్నాడు. పాలు తాగుతాడు, నవ్వుతాడు. డాక్టర్లు ఏ లోపమూ లేదంటారు. కాకపోతే... మండుటెండలో పెరట్లో ఎత్తుకున్నా, వాడు ఊపిరి వదిలితే తెల్లటి ఆవిరి కనిపిస్తుంది.

నా మాట నమ్మకండి. వాణ్ణి రోజూ ఎత్తుకునేది నేను కాదు. ఆ చేతుల్నే అడగండి. పేరు సమ్రీన్.