అండమాన్‌లో వాన పడుతుందా?

"ఫిబ్రవరిలో అండమాన్‌లో వాన పడ్తాదా మేడం?"

కుర్చీ లాక్కుని సరిగ్గా కూర్చోకముందే అడిగాడు ఆ అబ్బాయి. అనంతపురం టవర్ క్లాక్ దగ్గరున్న ఆ ట్రావెల్స్ ఆఫీసులో ఈశ్వరి రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఈ ప్రశ్న ఆమె వినని రోజు లేదు. జవాబూ, దాంతో పాటు ఇవ్వాల్సిన చిరునవ్వూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

"చుక్క కూడా పడదు సార్. పక్కా డ్రై సీజన్. నిశ్చింతగా పోయి రావచ్చు."

"అయితే వద్దులే మేడం" అని అతను లేచి నిలబడ్డాడు.

ఈశ్వరి చిరునవ్వు సగంలో ఆగిపోయింది. వాన పడుతుందంటే వద్దన్నవాళ్ళను చూసింది గానీ, పడదంటే వద్దన్నవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"ఎందుకు వద్దు సార్?"

"మాది ఉరవకొండ పక్కన పల్లె. మా నాయనోళ్ళు పుట్టినప్పటి నుంచి డ్రై సీజన్‌లోనే ఉండారు. దాన్ని చూసేకి విమానమెక్కి పోవల్నా?"

పక్క సీట్లో టికెట్లు బుక్ చేసే ఆమె కిసుక్కున నవ్వింది. ఈశ్వరికి ఒళ్ళు మండింది.

"వాన కావల్లంటే జూన్‌లో పోండి సార్. కుండపోతగా పడ్తాది. పడవలు కూడా ఆపేస్తారు. రూములో కూర్చుని కిటికీలోంచి కడుపు నిండా చూసుకోవచ్చు."

"జూన్‌లో మేము పోతే శనక్కాయ ఎవరు విత్తుతారు? మీరొస్తారా?"

"నేనెందుకొస్తాను సార్?"

"అదే కదా మేడం. మాకు ఖాళీ ఉండేది ఇప్పుడు. ఆడ వాన పడేది అప్పుడు. మా కత ఎప్పుడూ ఇంతే."

ఆ మాట అతను ఎంత మామూలుగా అన్నాడంటే, కోపంలో ఉండి కూడా ఈశ్వరికి నవ్వొచ్చింది. ఆమె నవ్వడం చూసి అతను మళ్ళీ కూర్చున్నాడు. కూర్చోకుండా బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటే మనకీ కథ ఉండేది కాదు.

అతని పేరు తిప్పేష్. ఆ ఏడాది శనక్కాయకు మంచి రేటు పలికింది. వాళ్ళ రైతు సంఘంలో ఆరు జంటలు ఒక్కసారైనా విమానమెక్కాలనీ, సముద్రం చూడాలనీ తీర్మానించుకున్నాయి. అందులో తిప్పేష్ అమ్మానాన్నలు కూడా ఉన్నారు. సంఘంలో వయసులో చిన్నవాడు, పైగా పెళ్ళి కానివాడు కాబట్టి ఏర్పాట్లన్నీ, వెంట వెళ్ళి తిప్పుకురావడంతో సహా, అతని నెత్తిన పడ్డాయి.

"సరిగ్గా చెప్పండి మేడం. ఆడ ఎట్లుంటాది?" అన్నాడు.

"పగలు ముప్పై డిగ్రీలు, రాత్రి ఇరవై మూడు. సముద్రం నిలకడగా ఉంటాది. అందుకే అందరూ ఇప్పుడే పోతారు. నీళ్ళ అడుగున తిరిగే చేపలు కూడా కనపడతాయి."

"ముప్పై డిగ్రీలంటే మాకు చలికాలం."

"అట్ల అనుకోవద్దు. గాల్లో తడి ఉంటాది. ఆ ముప్పైకే చెమట కారతాది, కారింది ఆరదు. పొద్దున ఐదున్నరకే తెల్లారతాది, సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతాది. కాటన్ బట్టలు, టోపీలు తెచ్చుకోండి."

"అంతా బాగుండాది. వాన పడదని మాత్రం కాగితం మీద రాసిస్తారా?"

గోడ మీది పోస్టర్‌లో 'వంద శాతం ఎండ గ్యారంటీ' అని పెద్ద అక్షరాలున్నాయి. ఈశ్వరి ఓనరు గది వైపోసారి చూసి గొంతు తగ్గించింది.

"రాసియ్యను సార్. ఎప్పుడన్నా మధ్యాహ్నం మబ్బేసి పది నిమిషాలు పడి పోతాది. టూరిస్టులు బెదురుతారని మా సారు ఆ మాట చెప్పొద్దంటాడు."

తిప్పేష్ ముఖం వెలిగిపోయింది. "ఈ మాట ముందే చెప్పింటే నేను లేస్తానా మేడం?"

ఆ తర్వాత అతను వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. ఒకసారి వాళ్ళ నాయన అడగమన్నాడని, అక్కడ గాలి ఏ దిక్కు నుంచి వస్తుందని అడిగాడు. ఇంకోసారి వాళ్ళమ్మ అడగమంది.

"చీర ఉతికి ఆరేస్తే ఎంతసేపటికి ఆరతాదంట?"

"మీ ఊర్లో ఎంతసేపటికి ఆరతాది?"

"కాఫీ తాగి వచ్చేలోపల."

"ఆడ పొద్దున ఆరేస్తే మాపటికి కూడా నమ్మకం లేదు. మీ అమ్మను నాలుగు చీరలు ఎక్కువ పెట్టుకోమనండి. ఇంతకీ ఇదంతా ఫోన్లో అడగొచ్చు కదా సార్?"

"ఫోన్లో వాతావరణం సరిగ్గా తెలీదు మేడం."

ఉరవకొండ నుంచి అనంతపురానికి యాభై కిలోమీటర్లు. రానూ పోనూ నూరు. చీర ఆరడం గురించి తెలుసుకోవడానికి నూరు కిలోమీటర్లు తిరిగే మనిషికి చీర మీద ధ్యాస ఉండదని పక్క సీటామె ఎప్పుడో కనిపెట్టేసింది. ఈశ్వరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం బాగుందని అలాగే ఉంది.

ఒకరోజు తిప్పేష్ ఆమె కళ్ళలోకి చూసి అడిగాడు. "ఈడికి ఎవరొచ్చినా 'చెప్పన్నా', 'కూర్చోన్నా' అంటాండారు. నన్ను మాత్రం సార్ అంటారు. నేనేం పాపం చేసినా?"

"మిమ్మల్ని అన్నా అనాలని నాకు లేదు" అనేసింది ఈశ్వరి. అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. గబగబా కంప్యూటర్ వైపు తిరిగి చాలా శ్రద్ధగా ఏదో చదవసాగింది. పాపం, కరెంటు పోయి పది నిమిషాలైంది.

ఆ రోజు ఉరవకొండ బస్సులో తిప్పేష్‌కు సీటు దొరకలేదు. నిలబడే వెళ్ళాడు. కాళ్ళు నొప్పి పుట్టిన గుర్తు మాత్రం లేదు.

జనవరి చివర్లో తిప్పేష్ వెంట పెద్దవాళ్ళంతా ఆధార్ కార్డులు పట్టుకుని ఆఫీసుకొచ్చారు. తిప్పేష్ వాళ్ళ నాయన ఓబుళేసు సన్నగా, ఎండకు నల్లబడి, తక్కువ మాట్లాడే మనిషి. అమ్మ నల్లమ్మ ఆయన మిగిల్చిన మాటలన్నీ తానే మాట్లాడుతుంది. ఈశ్వరి అందరికీ మంచినీళ్ళిచ్చింది. నల్లమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "చీర సంగతి చెప్పింది నువ్వే కదా పాపా" అని పక్కన కూర్చోబెట్టుకుంది. అంతా చక్కగా జరుగుతుండగా ఓనరు మల్లికార్జున గదిలోంచి బయటికి వచ్చాడు.

"ఏం భయం లేదప్పా. మీతో టూర్ మేనేజర్‌గా మా ఈశ్వరే వస్తాది. ఈ పిల్ల పోయిన టూర్లో ఇంతవరకు ఒక్క చినుకు పడలేదు. వానాకాలంలో ఊటీకి పోతే ఆడ కూడా ఎండే. కరువు ఏడాదిలో పుట్టింది లెండి. మబ్బులే బెదిరి పారిపోతాయి" అని పెద్దగా నవ్వాడు.

ఆయన మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. ఆ వ్యాపారంలో అది మెప్పే. కానీ వచ్చిన పెద్దవాళ్ళు పన్నెండుమందీ ఆకాశాన్ని నమ్ముకున్నవాళ్ళు. ఒక్కరూ నవ్వలేదు. ఓబుళేసు తలెత్తి ఈశ్వరి వైపు చాలాసేపు చూశాడు.

ఆ చూపు ఈశ్వరికి కొత్త కాదు. గుత్తి పక్కన వాళ్ళ ఊళ్ళో చిన్నప్పటి నుంచీ ఆమెను 'కరువు పిల్ల' అని ఆటపట్టించేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసేది. కిందటేడాది ఒక సంబంధం వచ్చింది. వాళ్ళది మెట్ట సేద్యం. పుట్టిన సంవత్సరం అడిగి, టీ తాగి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. వాన పోగొట్టే కోడలు మాకెందుకు అన్నారని తర్వాత తెలిసింది. అప్పుడు కూడా ఈశ్వరి పట్టించుకోలేదు, ఆ అబ్బాయి ముఖమే ఆమెకు గుర్తులేదు. ఇప్పుడు అలా కాదు. తిప్పేష్ ముఖం గుర్తుంది. కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా గుర్తొస్తోంది. ఈ ఇల్లు కూడా అదే కారణంతో తనను వద్దనుకుంటే తట్టుకోలేనని ఆ నిమిషంలో ఆమెకు తెలిసిపోయింది.

ఆ తర్వాత తిప్పేష్ రెండుసార్లు వచ్చినా, వేరే పని ఉన్నట్టు లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి రెండో వారంలో బెంగళూరులో విమానమెక్కారు. అండమాన్‌లో దిగగానే ఓబుళేసు చొక్కా గుండీలు విప్పుకుని, "ఇది ఎండ కాదప్పా, ఉడక" అని తీర్పు చెప్పాడు. నల్లమ్మ మొదటి రోజు ఉతికిన చీర రెండో రోజు కూడా హోటల్ వరండాలో తడిగానే వేలాడింది. సముద్రం మాత్రం ఈశ్వరి చెప్పినట్టే నిలకడగా, నీలంగా, అడుగు కనిపించేంత తేటగా ఉంది. గాజు అడుగున్న పడవలో కూర్చుని చేపల్ని చూస్తూ నల్లమ్మ, "ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకుని ఏం చేస్తాండారో. మా చెరువులో రొంత పోయకూడదా" అని సముద్రాన్నే నిలదీసింది.

ఓబుళేసు రోజుకు నాలుగుసార్లు ఆకాశం వైపు చూసేవాడు. "ఉత్త మబ్బు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఈశ్వరి ఏదో పని ఉన్నట్టు పక్కకు వెళ్ళిపోయేది.

మూడో రోజు సాయంత్రం దీవిలో ఇసుక మీద నడుస్తుంటే తిప్పేష్ ఆమె దారికి అడ్డం వచ్చాడు.

"నాతో మాట్లాడేది ఎందుకు మానేసినారు?"

"మీ నాయన నా పక్క చూసిన చూపు మీరు చూళ్ళేదా?"

"మా నాయన అందర్నీ అట్లే చూస్తాడు. కండక్టర్‌ను కూడా అట్లే చూస్తాడు. అందుకే ఆయనకు చిల్లర బిరీన ఇస్తారు."

ఈశ్వరి నవ్వలేదు. కిందటేడాది తప్పిపోయిన సంబంధం సంగతి చెప్పింది. తిప్పేష్ మొత్తం విని, ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు.

"నాకు నువ్వు కావల్ల ఈశ్వరీ" అన్నాడు. 'మేడం' అనే పిలుపు ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు. "వానతో నాకేం పని లేదు. ఈ పొద్దే మా నాయనతో మాట్లాడతా."

"వద్దు. నాకూ మీరు కావల్ల. కానీ మీ నాయన వద్దంటే ఆ మాట నేను వినలేను. రొన్ని రోజులు ఆగండి" అని ఆమె గబగబా హోటల్ వైపు వెళ్ళిపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం బీచ్‌లో కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. ఎండ చురుక్కుమంటోంది. ఉన్నట్టుండి గాలి చల్లబడింది. తూర్పున ఒక మబ్బు లేచింది. ఓబుళేసు కొబ్బరిబోండం కింద పెట్టి లేచాడు. ఈసారి ఉత్త మబ్బు అనలేదు.

టపటపమని పడింది. నిమిషంలో జోరు వాన. బీచ్‌లో ఉన్న టూరిస్టులంతా తలల మీద తువ్వాళ్ళు కప్పుకుని పాకల్లోకి పరిగెత్తారు. పాకల్లో ఉన్న పన్నెండుమంది ఉరవకొండ రైతులు మాత్రం బయటికి పరిగెత్తారు. మధ్యలో ఒకరికొకరు తగిలి ఢిల్లీ దంపతులు ఇద్దరు ఇసుకలో కూర్చున్నారు. నల్లమ్మ కొంగు పరిచి వాన పట్టింది. ఓబుళేసు తలెత్తి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి నిలబడ్డాడు. పాక చూరు కింద నిలబడి ఉన్న ఈశ్వరిని నల్లమ్మ చెయ్యి పట్టి వానలోకి లాగింది.

"మేయ్, చూసినావా?" అన్నాడు ఓబుళేసు పెళ్ళాంతో. ఆయన అంత పెద్దగా మాట్లాడటం ఎవరూ వినలేదు. "ఈ పిల్ల పోతే వాన పడదన్నాడే ఆ సారు. చూడు ఎట్ల పడ్తాందో. ఈ పిల్ల పాదం మంచిది. మన తిప్పేష్‌కు అడుగుదామా?"

అందరూ కేకలేశారు. తిప్పేష్ వాన నీళ్ళు కారుతున్న ముఖంతో ఈశ్వరి వైపు చూశాడు. ఆమె ఒక్కసారి తలూపితే చాలు. ఆమె కోరుకున్నదంతా చేతికందే దూరంలో ఉంది.

"వద్దు పెద్దాయనా" అంది ఈశ్వరి.

అందరూ ఆగిపోయారు.

"ఈ కాలంలో ఈడ ఎప్పుడన్నా పది నిమిషాలు ఇట్ల పడేది మామూలే. నేను రాకపోయినా పడేది. వాన పడిందని నన్ను మీ ఇంటికి తీసుకపోతే, రేపు జూన్‌లో పడకపోతే ఎవర్నంటారు? నన్నే కదా. రోజూ మబ్బు చూసి బెదురుకుంటా మీ ఇంట్లో నేను ఉండలేను. తిప్పేష్ అంటే నాకు ఇష్టం. ఇష్టం ఉండాది కాబట్టే చెప్తాండా."

పది నిమిషాలు కూడా కాకుండానే వాన వెలిసింది. ఎండ మళ్ళీ వచ్చేసింది. ఓబుళేసు కండువా పిండుకుని ముఖం తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయిన తిప్పేష్‌ను చేత్తో ఆపాడు.

"కూర్చో పాపా" అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయనే ఎదురుగా తడి ఇసుకలో చతికిలబడ్డాడు. "ఆ పొద్దు ఆఫీసులో నీ పక్క చూసినా, నిజమే. అంతమందిలో అంత మాటంటే ఈ పిల్ల ఎట్ల తట్టుకుందా అని చూసినా. నువ్వు వేరే అనుకున్యావు. ఇప్పుడు వాన చూసి సంతోషంలో నేను కూడా తిక్క మాట అన్యా. తప్పే."

నల్లమ్మ నోరు తెరిచి మొగుణ్ణి చూస్తూ ఉండిపోయింది. ఆయన నోట 'తప్పే' అన్న మాట ఆమె వినడం అదే మొదలు.

"ముప్పై అయిదేండ్లుగా సేద్యం చేస్తాండా పాపా. అందులో ఇరవై ఏండ్లు వాన ఎగ్గొట్టింది. ఈ నల్లమ్మ నా ఇంట్లో కాలు పెట్టిన ఏడే మొదటిసారి ఎగ్గొట్టింది. విత్తనం కూడా వెనక్కి రాలేదు. ఈమెను యాడికన్నా పంపిచ్చినానా? ఆ ఇరవై ఏండ్లూ ఈమె ఉండబట్టే నేను ఊర్లో నిలబడినా. వాన పడిన ఏడు ఎవురైనా సంసారం చేస్తారు. పడని ఏడు తోడుండేకే మనిషి కావల్ల."

నల్లమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కొంగు ఎలాగూ తడిగానే ఉంది కాబట్టి ఆమె ఏడ్చిందో లేదో ఎవరికీ తెలియలేదు.

"ఈ మాట నాకు చెప్పేకి సముద్రం దాకా రావల్సొచ్చిందా?" అంది చివరికి.

ఓబుళేసు జవాబు చెప్పకుండా జేబులోంచి ఫోన్ తీసి, తడిసిందేమోనని ఊది చూసి, ఈశ్వరి వైపు చాచాడు.

"మీ నాయన నంబరు కొట్టు పాపా. నీకు ఇష్టమైతేనే."

ఈశ్వరి ఫోన్ అందుకుంది. తిప్పేష్ ఆమె వేళ్ళ వైపే చూస్తున్నాడు. ఆమె పది అంకెలూ ఒక్కొక్కటే నొక్కి, ఫోన్ ఓబుళేసు చెవి దగ్గర తనే పెట్టింది. అవతల గుత్తి పక్కన ఊళ్ళో ఫోన్ మోగడం ఆ నలుగురికీ వినిపించింది.